మస్తాన్ బండికి బిగించిన పెట్టె

నరసరావుపేట, మంగళవారం

ఈ రోజు మా చెల్లెలి మొగుడు మస్తాన్ డ్రైవరుగా ఉన్న కారుకి ట్యూనింగ్ బాక్స్ బిగించాను. డీజిల్ ఇంజిన్‌కి వేగం పెంచే పెట్టె అది. ఓనరు రాజకీయాల్లో తిరిగే మనిషి. "గుంటూరు రోడ్డు మీద ఏ బండీ మనల్ని దాటకూడదు మేస్త్రీ" అని చెప్పి, టీ తాగడానికి వెళ్లాడు.

ఆయన అటు వెళ్లగానే మస్తాన్ దగ్గరికొచ్చాడు. "బావా, పెట్టె బిగించు గానీ కనెక్షన్ ఇవ్వమాక. ఇప్పటికే ఎనక కూర్చుని తొక్కు, తొక్కు అంటా ఉంటాడు. నాకు చానా భయంగా ఉంది" అన్నాడు.

"దొంగపని నా చేత కాదు మస్తానూ" అన్నాను. ఎంత గొప్పగా అన్నానో!

తర్వాత ఎప్పటిలాగే పనిలో పడిపోయాను. ఇంజిన్ వేడి తగలకుండా బ్యాటరీ పక్కన క్లాంపు వేసి పెట్టెను కదలకుండా నిలబెట్టాను. వైర్లకు స్లీవ్ తొడిగి, పాత వైర్ల వెంబడే తీసుకెళ్లి కట్టాను. కనెక్షన్ కూడా ఇచ్చాను. "కంపెనీలోనే వచ్చినట్టుందయ్యా" అని ఓనరు భుజం తట్టాడు. నాకు సంతోషం కూడా వేసింది. అదే ఇప్పుడు మింగుడు పడటం లేదు.

రేపు చెల్లెలికి ఫోన్ చేయాలా? చేసి ఏం చెప్పను...

వెళ్లేటప్పుడు మస్తాన్ నా వంక చూడలేదు. సీటు బెల్టు లాగి పెట్టుకున్నాడు. పన్నెండేళ్లుగా డ్రైవరు పని చేస్తున్నాడు. అతను బెల్టు పెట్టుకోగా నేను చూడటం ఇదే మొదలు.