పెట్టె అడుగున దుప్పటి

రొసాల్బా వదినకు,

అత్తగారు నేసిన అవిసెనార దుప్పటిని నేను పక్క మీద పరిచాను. తిట్టే ముందు ఇది పూర్తిగా చదవండి.

ఇక్కడ వానలు వదలడం లేదు. ఉతికినవన్నీ పొయ్యి చుట్టూ చెమ్మగానే వేలాడుతున్నాయి. జ్వరం చెమటకు మీ తమ్ముడి పక్క తడిసి ముద్దయింది. పెట్టె అడుగున నీలికాగితంలో చుట్టి ఉన్న ఆ దుప్పటి ఒక్కటే పొడిగా దొరికింది. మడతల గీతలు పోయేలా ఇస్త్రీ చేసి, మత్తులో ఉన్న మనిషి కింద పరిచాను. పోయేవాళ్లకు చివరి ప్రార్థన చెప్పడానికి ఫాదర్ గారు వచ్చే రోజున తప్ప మన ఇంట్లో అది బయటికి రాదన్న సంగతి నాకప్పుడు తట్టనే లేదు.

తెల్లారేసరికి జ్వరం దిగింది. "గండం గడిచిందమ్మా, ఇక సూప్ తాగించు" అని చెప్పి డాక్టరు వెళ్లాడు. మీ తమ్ముడు డొనాటో మాత్రం దుప్పటి అంచు మీది కుట్టుపువ్వులను వేళ్లతో తడుముతున్నాడు.

"ఫాదర్ ఎప్పుడొస్తాడే?" అన్నాడు.

వాన సంగతి చెప్పాను. డాక్టరు మాట చెప్పాను. బిడ్డల మీద ఒట్టేశాను.

"నాన్నకూ ఇలాగే చెప్పాం కదే" అని గోడవైపు తిరిగాడు.

అప్పటినుంచి గుక్కెడు సూప్ కూడా గొంతు దిగలేదు. ఇప్పుడు డాక్టరు కూడా నా కళ్లలోకి చూడడం లేదు. మిమ్మల్ని రమ్మందామనుకున్నాను. కానీ నేపుల్స్ నుంచి ఈ కొండ మీదికి వచ్చి మీరు గుమ్మంలో నిలబడితే, తన చావు ఖాయమన్న దాంట్లో మీ తమ్ముడికి ఇక అనుమానమే మిగలదు. రాకండి వదినా.

ఈ పొద్దున పాత దుప్పట్లు ఆరాయి. మార్చబోతే నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఉండనీవే. ఇప్పుడు తీస్తే, మళ్లీ పరిచేటప్పుడు ఇంకోసారి ఇస్త్రీ చేసుకోవాలి, నీకెందుకా చాకిరీ?"

మీ మరదలు