మింగని మాత్రకు మిస్డ్ కాల్

ఫిబ్రవరి 3

మరిది చెన్నై నుంచి ఓడలో మా దీవికి వచ్చి నాలుగు రోజులు. అక్కడ లేబ్‌లో పరిశోధన చేస్తున్నాడు. మా ఆయన పని షెడ్డు నుంచి వచ్చి, బోటు ఇంజన్ల గ్రీజు కూడా కడుక్కోకుండా తమ్ముడి ముందు కూర్చుంటాడు. నేను వంటింటి గుమ్మం దగ్గర నిలబడి వింటాను.

ఈరోజు టీబీ మందు సంగతి. మా ఆయనకు ఆ జబ్బే కదా. ఇనుము కలిపి ఒక పొడి చేస్తున్నారట. దాన్నిండా కంటికి కనిపించని ఖాళీ గదులు. వాటిలో మందు నింపితే, క్రిమి దాక్కున్న చోటికే వెళ్లి కొంచెం కొంచెంగా వదులుతుందట.

"వదినా, చౌల్దారీలో మీ పుట్టింటి పెరట్లో మీ నాన్న కాకర పందిరి ఉంది కదా. ఇనుము ముడులనుకో. ముడికీ ముడికీ మధ్య కర్రలు వేరే పదార్థం. ఆ కర్రల మధ్య ఖాళీలో మందు."

బాగా అర్థమైంది. సిగ్గేసి తల మాత్రం ఊపాను.

"అయితే రోజూ ఇన్నేసి మాత్రలు మింగక్కర్లేదేట్రా?" అన్నాడు మా ఆయన.

"అదే కదన్నయ్యా మా ప్రయత్నం."

అక్కడితో ఆపేశాడు.

ఫిబ్రవరి 5

మరిది ఓడెక్కాడు. చెన్నై చేరేదాకా ఫోన్ కలవదు.

ఫిబ్రవరి 7

ఇది ఎవరికీ చెప్పుకోలేను. అయినా రాస్తాను.

మాత్రల అట్ట వెనక రోజుకో నంబరు దాచి ఉంటుంది. ఆ రోజు మాత్రలు తీస్తేనే కనిపిస్తుంది. దానికి మిస్డ్ కాల్ ఇస్తే, ఈరోజు మందు పడిందని ఆరోగ్య కేంద్రంలో మందులిచ్చే దీదీకి తెలుస్తుంది. ఆయన చేతులకెప్పుడూ గ్రీజే. అందుకని కాల్ ఇచ్చే పని మొదటినుంచీ నాది.

పొద్దున బొప్పాయి చెట్టుకు నీళ్లు పోస్తుంటే మొదలు దగ్గర మట్టి ఎర్రగా కనిపించింది. పుల్లతో కదిపాను. మాత్రలు. కొన్ని కరిగిపోయి, కొన్ని అలాగే.

మింగని మందుకు నేను కాల్ ఇస్తున్నాను...

అడిగాను.

"అరే, దగ్గేదే ఇప్పుడు? తగ్గిపోయింది కదా. ఇవి మింగితే కడుపులో తిప్పేస్తాది. తమ్ముడి మందొచ్చాక ఒక్కసారేసుకుంటే బస్."

"ఆరు నెలలూ ఆపొద్దని దీదీ..."

"దీదీకేటి తెలుసు? వాడు చదివినోడు. నువ్వు కాల్ ఇచ్చీ, టెన్షన్ మత్ లే, ఏటీ కాదు."

ఇచ్చాను. మందు మొదలైన ఈ రెండున్నర నెలలూ రోజూ ఇచ్చినట్టే ఇచ్చాను.

ఫిబ్రవరి 8

ఈరోజూ ఇచ్చాను. నా వేలు పడిపోనూ.

ఫిబ్రవరి 9

మరిదికి ఫోన్ కలిసింది. పెరట్లో నిలబడి, ఆ మందు మనుషులకు ఎప్పుడిస్తారని అడిగాను. పెళ్లయ్యాక అతనికి నా అంతట నేను ఫోన్ చేయడం ఇదే మొదలు.

"మనుషులకా? ఇంకా ఎలుకల దగ్గరే ఉన్నాం వదినా. ఎన్నేళ్లు పడుతుందో మా సారుకే తెలీదు."

"మీ అన్నయ్య మాత్రలు మానేశారు."

"నేను మానమన్లేదు కదా!"

సరేనన్నాను. సరే ఏమిటి సరే! ఆ ఎలుకల మాట ఆరోజే చెబితే నోరు అరిగిపోయేదా? ఇనుము చెప్పాడు, గదులు చెప్పాడు, మా నాన్న పందిరి కూడా చెప్పాడు. చెప్పాల్సిన ఒక్క ముక్క మింగేశాడు.

అన్నతో తనే మాట్లాడతానని సాయంత్రం ఫోన్ చేశాడు. ఆయన ఆఁ, ఆఁ అని ఫోన్ పెట్టేశాడు.

"చిన్నోడి దగ్గర నా పరువు తీశావే. వాడికి బయట చెప్పొద్దని ఆర్డరేసుంటారు. భయపడతన్నాడు. నీకర్థం కాదు, ఊరుకో."

ఏడో క్లాసుతో ఆగిపోయిన నాకు అర్థం కాదు!

ఫిబ్రవరి 10

పందిరి ఇంకా వేస్తూనే ఉన్నారు. పాదు పెట్టలేదు, కాయ కాయలేదు. ఆ కాయ కోసం పొయ్యి మీద ఉడికిన కూర పారబోసే మనిషిని ఏమనాలి? మధ్యలో ఆపితే క్రిమి మొండికెత్తుతుందని, ఈ మాత్రలు ఇక పనిచేయవని దీదీ మొదటిరోజే చెప్పింది. ఇద్దరం విన్నాం. గుర్తున్నది నాకు.

ఫిబ్రవరి 11

పొద్దున దగ్గాడు. రెండుసార్లు. నేను చూస్తున్నానని గబగబా నీళ్లు తాగేశాడు.

కాల్ ఇచ్చాను. ఛీ.

ఫిబ్రవరి 12

ఆయన మాత్రలు తీసి జేబులో వేసుకోబోయాడు. అట్ట, ఫోను నా ముందుకు తోశాడు.

"ఇవ్వను."

"ఏటన్నావ్?"

"ఇవ్వను. అవి ఇక్కడ పెట్టండి."

ఇంత గొంతు నాకుందని నాకే తెలియదు. బల్ల మీద విసిరేసి షెడ్డుకు వెళ్లిపోయాడు. టిఫిన్ డబ్బా కూడా తీసుకోలేదు.

మధ్యాహ్నం దీదీ ఫోన్, ఈరోజు కాల్ రాలేదేం, మర్చిపోయావా అని. "ఆజ్ కాల్ నహీ ఆయా. భూల్ గయీ క్యా?"

"నహీ దీదీ. భూలీ నహీ."

అంతా చెప్పేశాను. అబద్ధం కాల్స్ ఇచ్చింది నేనేనని కూడా. దీదీ తిట్టింది. తిట్టాల్సిందే. ఆయన ఇంటికొచ్చే వేళకు వస్తానంది. మళ్లీ కఫం పరీక్ష చేయాలట, మందు ఇంకా పనిచేస్తుందో లేదో చూడాలట.

ఐదున్నర. దీదీ వసారాలో కూర్చుంది, టీ వద్దంది. బొప్పాయి మొదట్లో ఏరిన మాత్రలు మట్టితో సహా స్టీలు పళ్లెంలో పెట్టాను. పక్కన ఈరోజు మాత్రలు, గ్లాసుడు నీళ్లు.

ఆయన బండి మలుపు దగ్గర వినిపిస్తోంది. దీదీ స్కూటీ కనపడి ఉంటుంది —

బండి అక్కడే ఆగింది. ఇంటి వైపు రావడం లేదు.