విప్పిన కుట్లు

వరద మనింట్లోకి వచ్చిన ఏడే నీ కుడిచెయ్యి పట్టు తప్పింది. ముందు మాత్ర వేసుకో. పాలు కాచి మూతపెట్టాను. తర్వాత ఇది చదువు.

మన దర్జీ కొట్లో మిగిలిన గుడ్డముక్కలన్నీ ఎడంచేత్తో కలిపి, ఆసుపత్రిలో పసివాళ్ళకి పొత్తిగుడ్డలు కుట్టి నా చేతికిస్తున్నావు. తొలి విడత అలాగే ఇచ్చాను. ఆ తర్వాత దారిలో కొట్లో ఆగి, నీ కుట్లు విప్పి మిషను మీద మళ్ళీ కుట్టేవాణ్ణి. దర్జీ ఇంట్లో ఇంత వంకర కుట్టా అని నవ్వుతారని భయం. "మెచ్చుకున్నారా?" అని నువ్వడిగితే "ఆఁ" అనేవాణ్ణి.

నిన్న నర్సమ్మ అంది: "ఏం తాతా, మామ్మ మిషనెక్కేసిందా? ఈ కుట్టు పిల్లల ఒంటికి గీసుకుంటోంది. మొదట్లో ఇచ్చినవాటిలాంటివే కావాలని తల్లులు అడుగుతున్నారు. మెత్తటి చేతికుట్టువి."

తల కొట్టేసినట్టయింది. నీకు నోటితో చెప్పలేక రాస్తున్నాను.

నువ్వు నిన్న కుట్టిన నాలుగూ ఈ పొద్దున విప్పకుండా తీసుకెళ్తున్నాను. నర్సమ్మకి నిజం చెప్పేస్తాను. తిట్టాలనుంటే నేనొచ్చాక తిట్టు.

మరిచాను. ఒంటిచేత్తో ఎక్కించలేవని పన్నెండు సూదుల్లో దారం ఎక్కించి నీ దిండుకి గుచ్చాను. నేనొచ్చేదాకా సరిపోతాయి.