పిన్ని ఎత్తుకోని బిడ్డ

విన్నిపెగ్, కెనడా, నవంబరు, బుధవారం రాత్రి

నా చేతులు, వీపు చూసి డాక్టరు సోరియాసిస్ పొలుసు ఒక్కటీ మిగల్లేదన్నారు. ఒంట్లో ఈ జబ్బును రేపే ప్రోటీన్‌నే ఈ కొత్త ఇంజెక్షన్ పట్టి ఆపుతుందట. మానేస్తే మళ్ళీ రావచ్చట. అయినా ఎగురుకుంటూ ఇంటికొచ్చాను.

గుమ్మంలోనే ఓనరు సరళ ఆంటీ తన మనవరాలిని నా చేతుల్లో పెట్టేశారు. "కాసేపు ఎత్తుకోమ్మా, పొయ్యి మీద పాలున్నాయి" అన్నారు. ఆవిడ బేస్‌మెంట్‌లో ఐదుగురు స్టూడెంట్లం ఉంటాం. ఎదురుపడింది నేనే.

మొన్నటిదాకా పొలుసులు రాలిన మోచేతి మీదే పాప చెంప ఆనించి నిద్రపోయింది. పిన్ని గుర్తొచ్చింది. అమ్మ చెల్లెలైన ఆమెకూ ఇదే జబ్బు. అప్పట్లో ఆమెకు దొరికినవి ఆయింట్‌మెంట్లే. పోయేదాకా పసిపిల్లలు కనిపిస్తే చేతులు కొంగులో దాచుకునేది.

అమ్మకి ఫోన్ చేసి పాపను ఎత్తుకున్న సంగతి చెప్పాను. అమ్మ పిన్ని మాటెత్తింది.

"నువ్వు పుట్టినప్పుడు పిన్ని చేతులు కడుక్కుని వచ్చి, ఒక్కసారి ఇవ్వక్కా అంది. అంటుకునే జబ్బు కాదని మాకేం తెలుసు?"

"ఇచ్చావా?"

"లేదు. ఎప్పుడూ ఇవ్వలేదు."

అమ్మ ఏడుస్తోంది. ఊరుకోమ్మా అనాలనుకున్నాను. అనకుండానే ఫోన్ పెట్టేశాను.

ఇప్పుడు లైటు ఆర్పాలంటే భయంగా ఉంది. తడి చేతులతో పిన్ని నా మంచం పక్కనే నిలబడి ఉన్నట్టుంది. ఆమెకేం కావాలో నాకు తెలుసు.