ఫిజీ నుంచి సమోవాకి పురికొస

పద్మా,

ఇవాళ నీ సంవత్సరీకం అయింది. భోజనాలయ్యాక మీ తమ్ముడు నా పక్కన కూర్చుని, గోడకి నువ్వంటించిన ప్రపంచ పటం తీసెయ్యమన్నాడు. "ఎన్నాళ్ళు చూస్తావు బావా? అక్క అందనంత దూరం వెళ్ళిపోయింది" అన్నాడు. తియ్యనన్నాను.

విమానమంటూ ఎక్కితే ఫిజీ నుంచి సమోవాకే ఎక్కుతానని పట్టుబట్టేదానివి. ఒక దీవి పటానికి కుడి చివర, ఇంకోటి ఎడమ చివర. ఒక్క ప్రయాణంలో ప్రపంచమంతా దాటెయ్యాలని నీ ఆశ. మిర్చి బస్తాలు కుట్టే పురికొస తెచ్చి, పొలం గట్టు కొలిచినట్టు కొలిచాను. పటం పొడవునా సాగింది. "రెండు రోజులు పడుతుందే!" అన్నాను. "ఎన్ని రోజులైనా సరే, కిటికీ పక్క సీటు నాది" అన్నావు.

మీ తమ్ముడి మాట విన్న మన అమ్మాయి సాయంత్రం నన్ను నెట్ సెంటర్‌కి లాక్కెళ్ళింది. కంప్యూటర్లో భూమిని గుండ్రంగా తిప్పి చూపించింది. పటం రెండు చివరలూ వెనకవైపు కలుస్తాయట! ఆ దీవుల మధ్య వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు, విమానంలో రెండు గంటలు. గుంటూరు నుంచి మీ కనిగిరికి బస్సులో వెళ్ళినా అంతకంటే ఎక్కువ పడుతుంది.

ఇంటికి రాగానే మీ తమ్ముడితో అన్నాను: "ఒరేయ్, దూరం గురించి నాకు చెప్పకు. మనకెవరికీ కొలవడం రాదు."

పటం గోడ మీదే ఉంటుంది. కిటికీ పక్క సీటు నీదే. దాని పక్కన నేను కూర్చున్నాను. నన్ను లెమ్మనేవాడు ఎవడొస్తాడో రానీ.