ఎవరి కణాలు, ఎవరి కంట్లో

ట్రాయ్, మిషిగన్
మార్చి 4

పర్సిస్ గారికి,

నమస్కారం. మీ ల్యాబ్‌లో పేషెంట్లతో మాట్లాడేది తెలుగావిడ అని తెలిసి ధైర్యం వచ్చింది. నన్ను ఒప్పించడానికే పెట్టారేమోనని అనుమానమూ వచ్చింది.

నా ఎడమ కంటికి చూపు నడిమి భాగం పోయింది. మనుషుల చెవులు కనిపిస్తాయి, ముఖాలు కనిపించవు. ఆరు నెలల కింద మీరు నా రక్తం తీసుకుని, దాంతో మూలకణాలు తయారుచేసి, వాటిని కంటి కణాలుగా పెంచారు. అవి కంట్లో పెట్టడానికి ఏప్రిల్ పదిలోగా సంతకం చేయాలి. బోటనీ ఎమ్మెస్సీ చదివినదాన్ని, ఒకటడుగుతాను. పెరిగేవి పెరగడం ఆపకపోతే? అలాంటివాటినే కదా క్యాన్సర్ అంటారు.

ఇట్లు,
శశికళ

తా.క. ఈమెయిలైతే చెరిపేయొచ్చు. మీరూ కాగితం మీదే జవాబివ్వండి.

మార్చి 11

శశికళ గారికి,

వందనాలు. మీ భయం మాకూ ఉంది, దానిమీదే మా ఉద్యోగాలు నడుస్తున్నాయి. క్రోమోజోములు చూస్తాం, సూక్ష్మజీవులు చేరలేదని చూస్తాం, కంటి కణాలుగా మారకుండా ఉండిపోయిన మూలకణాల కోసం వెతుకుతాం. గడ్డలయ్యేది అవే. మీ కణాల బ్యాచ్ అన్ని పరీక్షలూ పాసయింది. ఎవరి కణాలు వాళ్ళకే వెళ్ళాలి కాబట్టి, మీ పేరూ పుట్టిన తేదీ మరోసారి మీ చేత్తో రాసి పంపండి.

మీ
పర్సిస్

తా.క. నన్ను మీకోసం పెట్టలేదండీ. తొమ్మిదేళ్ళుగా ఇక్కడే ఉన్నాను. ఉత్తరం రాసిన పేషెంటు మాత్రం మీరే మొదలు.

మార్చి 16

పర్సిస్ గారికి,

పాసయిందన్నారు సరే, ఎన్ని మార్కులతో?

నా పేరు శశికళ. పుట్టింది 1980 నవంబర్ 19, కార్తీకమాసం. ఒంటికి సంబంధించిన విషయం కనుక నిజం తప్ప ఇంకేమీ రాయను.

ఇట్లు,
శశికళ

తా.క. మీరూ అలాగే రాయాలని ఆశ.

మార్చి 23

శశికళ గారికి,

మీ వివరాలు మా రికార్డుతో కలవలేదు. ఏది కలవలేదో చెప్పడానికి నాకు రూల్ ఒప్పుకోదు. మీ బ్యాచ్‌ని హోల్డ్‌లో పెట్టాం.

పర్సిస్

తా.క. కంగారుపడకండి. ఇది కూడా రూల్ ప్రకారమే రాస్తున్నాను.

మార్చి 27

పర్సిస్ గారికి,

నా అనుమానమే నిజమైంది. మీ ఫ్రీజర్‌లో ఉన్నది ఎవరో నాకు తెలియాలి. నా కణాలు ఏ ఊళ్ళో ఎవరి కంట్లోంచి చూస్తున్నాయో అదీ తెలియాలి. లాయర్‌తో మాట్లాడుతున్నాను.

శశికళ

తా.క. కవరు అంటించబోతుంటే మా ఆయన దామోదర్ నా డ్రైవింగ్ లైసెన్స్ తెచ్చి టేబుల్ మీద పెట్టి, "ఇది చూసి అంటించు" అన్నారు. అందులో 1979 జులై 1 అని ఉంది. నాకు ఐదేళ్ళు నిండలేదని మా హెడ్మాస్టర్ గారు ఒక్క కలంపోటుతో వయసు పదహారు నెలలు పెంచి బడిలో చేర్చుకున్నారు. ఆ తేదీతోనే పాస్‌పోర్టు, వీసా, మీ ల్యాబ్. పై ఉత్తరం చించలేదు, రాసినప్పటి కోపం నిజమే కనుక. అందరినీ అనుమానించాను, నన్ను తప్ప. దీనికి నా కణాలు పారేస్తారా? కుడి కన్ను కూడా మసకబారుతోంది.

ఏప్రిల్ 8

శశికళ గారికి,

డీఎన్ఏ సరిపోయింది. ఆ కణాలు మీవే. అయినా పారేశాం.

హోల్డ్‌లో పెట్టిన బ్యాచ్‌కి పరీక్షలన్నీ మళ్ళీ చేస్తాం. మొదటిసారి ఇరవై కణాల్లో క్రోమోజోములు చూశాం, ఈసారి వందలో చూశాం. మూడింటిలో తేడా కనిపించింది, మీరు మొదటి ఉత్తరంలో భయపడ్డ రకం. మీరు లైసెన్స్‌లోని తేదీనే రాసి ఉంటే, ఈ నెలాఖరుకి అవి మీ కంట్లో ఉండేవి. ఇకపై ఎవరి బ్యాచ్‌కైనా వంద చూడాలని కమిటీ తీర్మానించింది. తొలి రోజుల్లో దాచిన మీ కణాలతో మళ్ళీ మొదలుపెట్టాం. నాలుగు నెలలు పడుతుంది. కుడి కన్ను ఈలోపు తప్పకుండా చూపించుకోండి. సంతకం సంగతి తర్వాత. దానికి ముందు మళ్ళీ అనుమానపడండి, కాగితం మీదే.

మీ
పర్సిస్

తా.క. మీలాగే చాలామందికి బళ్ళో అదే తేదీ వేశారని చెబితే, ఒక దేశంలో అంతమంది ఒకే రోజు ఎలా పుడతారని కమిటీలో అడిగారు. మా ల్యాబ్‌లో తెలుగువాళ్ళం ముగ్గురం. ఏటా జులై ఒకటిన ముగ్గురికీ కలిపి ఒకటే కేక్ కోస్తారు. తలదించుకుని చెయ్యెత్తాం. ఇప్పుడు మా ఉద్యోగాల ఫైళ్ళు కూడా హోల్డ్‌లో ఉన్నాయి.