సొరపాదులో గని టోపీ

బుధవారం, రాత్రి

నీలక్క నోరు పడిపోను. పక్క క్వార్టరు కాబట్టి పొద్దున లేస్తే ఆ మొహమే చూడాలి. గోడ మీద గడ్డం ఆనించి "అబ్బ, ఎన్ని పిందెలేసింది నీ సొరతీగ" అని ఆమె అన్న మూడోనాటికి పిందెలన్నీ పచ్చబడి రాలిపోయాయి. స్నానం నీళ్లు కాలువ తీసి పారించి, ఆకుల మీది బొగ్గు దుమ్ము రోజూ కడిగి పెంచిన తీగ అది.

అందుకే ఈ రోజు దిష్టిబొమ్మ పెట్టాను. కర్రకు మా ఆయన పాత డ్యూటీ చొక్కా తొడిగి, పైన ఆయన వాడి పడేసిన గని టోపీ బోర్లించాను.

సాయంత్రం నీలక్క దాన్ని చూసి చేతిలో చెంబు కింద పెట్టేసింది.

"గా బొమ్మ తీసెయ్ చెల్లె. బొగ్గుబాయిల ఉండాల్సిన మనిషి పెరట్ల నిలబడ్డట్టున్నది. ఇయ్యాల మన మొగోళ్లిద్దరికీ రాత్రి డ్యూటీనే."

"నీ కండ్లకే పెట్టిన అక్కా. నువ్వు చూసుడు బంద్ చెయ్యి, తీసేస్త."

"తీగ మళ్ల పిందెలేస్తది. మొగోళ్ల టోపీతోని ఆటలేంది?"

మొహం మీదే తలుపు వేశాను. పిందెలు రాల్చిన నోరు నాకు శకునాలు చెబుతుందా?

ఇందాక మంచినీళ్లకు లేచి కిటికీలోంచి చూశాను. వీధి దీపం వెలుగులో టోపీ, చొక్కా. కింద కాళ్లు లేవు. గాలికి ఒక చేయి కదిలింది. ఆయన ఇంటికి వచ్చేసరికి తెల్లారుతుంది.

తీయను. తీస్తే నీలక్క గెలిచినట్టే. కిటికీ మాత్రం మూసేశాను.